లావు పాదాల అక్షరం

కళ్ల డాక్టరు గదిలో గోడకు తగిలించే చార్టు తెలియనివారుండరు. పైన ఒకే ఒక్క పెద్ద అక్షరం, కింద వరస వరసకూ చిన్నవవుతూ పోయే అక్షరాలు. చదవగలమా లేదా అన్న కంగారులో వాటి రూపం సంగతి ఎవరికీ పట్టదు. పాత తరహా ఇంగ్లీషు చార్టు ఎక్కడైనా కనబడితే ఈసారి అక్షరాలను చదవకుండా ఊరికే చూడండి. గీతలన్నీ ఒకే మందంలో ఉంటాయి. గీత ముగిసిన చోటల్లా ఒక అడ్డపట్టీ ఉంటుంది, అదీ గీతంత లావే. 'ఎఫ్' కాలి కింద దిమ్మ, 'టీ' రెండు చేతుల చివర్ల నుంచి కిందికి దిగిన ముక్కలు. ఎంత చిన్నదైనా, ఎంత పెద్దదైనా అదే కట్టుబడి.

ఆ చార్టును 1862లో తయారుచేసినవాడు హెర్మన్ స్నెల్లెన్. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ నగరంలో నేత్రవైద్యుడు. మొదట్లో అతను అప్పటికి ప్రెస్సుల్లో దొరుకుతున్న ఒక రకం లావు అచ్చు అక్షరాలనే వాడి చూశాడు. ఆ తర్వాత నిలువునా అడ్డంగా అయిదేసి గళ్ల చదరంలో తన అక్షరాలు తానే గీసుకున్నాడు. ఒక గీత మందం ఒక గడి. గీతల మధ్య ఖాళీ కూడా ఒక గడే. దీని వెనక లెక్క ఉంది. ఆరోగ్యంగా ఉన్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు కోణం చేసే వివరాన్ని పోల్చుకోగలదు. ఆరు మీటర్ల దూరంలో ఆ కోణం సుమారు 1.75 మిల్లీమీటర్లు. కాబట్టి ఆరు మీటర్ల నుంచి మామూలు చూపు ఉన్నవాడు చదవగలిగే అక్షరంలో గీత మందం 1.75 మి.మీ., అక్షరం ఎత్తు దానికి అయిదు రెట్లు, అంటే దాదాపు 8.7 మి.మీ. డాక్టరు చీటీ మీద రాసే 6/6 అంటే అదే వరస.

స్నెల్లెన్‌కి సొగసు అక్కర్లేదు, కొలత కావాలి. ఒకచోట దూలంలా, ఇంకోచోట వెంట్రుకలా ఉండే అక్షరంతో చూపును కొలవలేం. రోగి పోల్చుకున్నది లావు గీతనా సన్న గీతనా అన్నది తేలదు. అన్ని వైపులా సమంగా ఉన్న అక్షరమైతేనే కొలబద్దగా పనికొస్తుంది. అలాంటి అక్షరాన్ని అతను కొత్తగా కనిపెట్టలేదు. అప్పటికి నలభై అయిదేళ్లుగా లండన్ గోడల మీద లాటరీ టికెట్లు, నాటకాలు, సర్కస్‌లు అమ్మిపెడుతున్న వీధి అక్షరాన్ని తెచ్చి కొలబద్ద చేశాడు.

దాని పేరు స్లాబ్ సెరిఫ్. సెరిఫ్ అంటే రోమన్ అక్షరాల గీతల కొసల్లో ఉండే చిన్న అడ్డ పాదం. సాధారణంగా అది సన్నగా, మొన తేలి ఉంటుంది. స్లాబ్ సెరిఫ్‌లో మాత్రం ఆ పాదం బల్ల కాళ్ల కింద పెట్టిన చెక్క దిమ్మలా బరువుగా, చదరంగా ఉంటుంది. ఇవాళ కాఫీ ప్యాకెట్ల మీద, జీన్స్ లేబుళ్ల మీద, 'అసలైన పాతకాలపు రుచి' అని చెప్పుకునే పచ్చడి సీసాల మీద డిజైనర్లు ఈ అక్షరాన్నే వేస్తున్నారు. చూడగానే పాతదనం, నమ్మకం, ఒంటి బలం గుర్తుకు రావాలని వారి ఆశ. వస్తాయి కూడా. అయితే ఈ అక్షరం పుట్టినప్పుడు అందులో పాతదనం రవ్వంత కూడా లేదు. అప్పట్లో అది కొత్త, మోటు, అరుపు. మర్యాదస్తులైన ముద్రాపకులు దాన్ని చూసి ముఖం చిట్లించుకున్నారు. ఇప్పుడు మనం అందమని మెచ్చుకుంటున్న ఆ లావు పాదం సిరాతో, చెక్కతో, నాసి కాగితంతో, దూరంతో అచ్చుపనివాళ్లు పడిన తంటాలకు దొరికిన జవాబు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఇంతే. మిగిలినదంతా ఆ తంటాల కథ.

పందొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో పేరున్న అచ్చు అక్షరాలు చాలా నాజూకు. ఇటలీలో బొదోనీ, ఫ్రాన్స్‌లో దిదో కుటుంబం తీర్చిన పద్ధతి అది. నిలువు గీత లావు, అడ్డగీత తల వెంట్రుకంత సన్నం. నున్నటి కాగితం మీద, తీరిగ్గా అచ్చు వేసిన ఖరీదైన పుస్తకంలో ఆ అక్షరం వెలుగుతుంది. ఇంట్లో కూర్చుని దీపం దగ్గర చదువుకునేవారికి అది చాలు. కానీ అదే కాలంలో అచ్చుకు ఇంకో గిరాకీ పుట్టుకొచ్చింది. ఫ్యాక్టరీలు సరుకులు తయారుచేస్తున్నాయి, నగరాలు జనంతో నిండుతున్నాయి, అమ్మేవాడికి వీధిలో నడిచిపోయేవాడిని ఆపాలి. పత్రికల్లో ప్రకటన వేద్దామంటే ప్రతి ప్రకటన మీదా ప్రభుత్వం పన్ను. ఆ పన్ను 1853 దాకా ఉంది. గోడకు పన్ను లేదు. దాంతో అందరూ గోడల మీద పడ్డారు.

అందరిలోకీ గట్టిగా అరిచినవాళ్లు లాటరీ ఏజెంట్లు. అప్పట్లో బ్రిటిష్ ప్రభుత్వమే లాటరీ నడిపేది, 1826లో ఆపేశారు. టికెట్లు అమ్మే ఏజెంట్లు కరపత్రాలతో, పోస్టర్లతో లండన్‌ను కప్పేశారు. వారికోసం అచ్చులు పోసేవారు ముందు చేసిన పని, ఉన్న నాజూకు అక్షరానికే ఒళ్లు పెంచడం. నిలువు గీతలను ఉబ్బించారు, సన్నగీతలను అలాగే ఉంచారు. రాబర్ట్ థోర్న్ అనే లండన్ అచ్చుల వ్యాపారికి ఈ లావు అక్షరాలతో మంచి పేరొచ్చింది. దగ్గర్నుంచి చూస్తే బ్రహ్మాండం. ముప్ఫయి మీటర్ల అవతల నిలబడితే కథ మారిపోతుంది. స్నెల్లెన్ లెక్క ప్రకారం ఆ దూరంలో కంటికి ఆనాలంటే వివరం మందం ఎనిమిది, తొమ్మిది మిల్లీమీటర్లు ఉండాలి. ఒక మిల్లీమీటరు సన్నగీత మాయమైపోతుంది. మిగిలేది కొన్ని నల్లటి నిలువు దుంగలు. 'ఎన్' ఏదో, 'యూ' ఏదో పోల్చుకోలేం.

ఇంకో బాధ యంత్రంలోనే ఉంది. అచ్చు వేయడమంటే సిరా పూసిన లోహాన్ని కాగితానికి అదిమిపట్టడం. అదిమినప్పుడు సిరా అంచులు దాటి పక్కకు పొంగుతుంది. గీత అనుకున్నదానికంటే కొంచెం లావవుతుంది, అక్షరం లోపలి ఖాళీలు కొంచెం పూడుకుపోతాయి. పాత తెలుగు పుస్తకాల్లో సిరా నిండి ముద్దయిన అక్షరాలు, సగం విరిగి తోకమాత్రంగా మిగిలిన వత్తులు చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. సన్నగీతకు రెండు వైపులా ప్రమాదమే. సిరా ఎక్కువైతే ఉబ్బుతుంది, తక్కువైతే అచ్చుపడదు, వేల కాపీలు వేసేసరికి అరిగిపోతుంది.

విన్సెంట్ ఫిగ్గిన్స్ అనే లండన్ అచ్చుల వ్యాపారి 1815-17 ప్రాంతంలో తన నమూనా పుస్తకంలో ఒక కొత్త అక్షరం చూపించాడు. అతను చేసింది వినడానికి చాలా సులువు. నిలువు ఎంతో అడ్డమూ అంతే, పాదమూ అంతే. విరగడానికి సన్నగీత అంటూ లేదు. దూరం నుంచి చూసినా ఏదీ మాయం కాదు. ఇంగ్లీషు అచ్చు అక్షరాలు మూడు శతాబ్దాలకు పైగా చేతిరాత కలాన్ని అనుకరిస్తూ వచ్చాయి. ఈ అక్షరంలో కలం జాడ లేదు. ఇది కట్టిన అక్షరం, రాసినది కాదు.

ఇంత పెద్ద అక్షరాలను అచ్చొత్తే బలం పాత చెక్క ప్రెస్సులకు లేదు. 1800 ప్రాంతంలో ఇంగ్లండ్‌లో స్టాన్‌హోప్ ఇనుప ప్రెస్సు వచ్చింది. 1813 ప్రాంతంలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జార్జ్ క్లైమర్ కొలంబియన్ ప్రెస్సు తయారుచేశాడు. ఒక్క లాగుడుతో పెద్ద కాగితమంతా అచ్చుపడేది. ఇనుము రాకపోతే ఇంత నల్లటి అక్షరం కాగితం దాకా వచ్చేదే కాదు.

పేరు దగ్గర మాత్రం గందరగోళం. ఫిగ్గిన్స్ దీన్ని యాంటిక్ అన్నాడు. థోర్న్ వారసులు ఈజిప్షియన్ అన్నారు. నెపోలియన్ ఈజిప్టు దండయాత్ర, 1799లో దొరికిన రోసెట్టా శిల, 1802 నుంచి దాన్ని చూపిస్తున్న బ్రిటిష్ మ్యూజియం, వీటి పుణ్యమా అని ఐరోపాకు ఈజిప్టు పిచ్చి పట్టిన రోజులవి. కుర్చీలకూ, పింగాణీకీ, చివరికి అచ్చులకూ ఆ పేరే. ఈ అక్షరానికీ నైలు నదికీ ఏ సంబంధమూ లేదు. విచిత్రం ఏమిటంటే, 1816లో విలియం కాస్లన్ తెచ్చిన, పాదాలే లేని అక్షరాన్ని కూడా ఈజిప్షియన్ అనే పిలిచారు! పేరు అమ్మకానికి పెట్టింది, అర్థానికి కాదు.

1820లో థోర్న్ చనిపోయాక అతని ఫౌండ్రీని విలియం థోరోగుడ్ కొన్నాడు. లాటరీలో గెలిచిన డబ్బుతో కొన్నాడని చెప్పుకుంటారు. లాటరీ పోస్టర్ల మీద బతికిన అక్షరాల కార్ఖానా లాటరీ సొమ్ముకే అమ్ముడుపోవడం ఎవరైనా కల్పించి రాస్తే మనం నమ్మం. ఫాన్ స్ట్రీట్‌లో ఉన్న ఆ ఫౌండ్రీలోనే, తర్వాతి తరంలో, ఈ జాతిలో అన్నిటికంటే తీరైన అక్షరం పుట్టింది. దాని పేరు క్లారెండన్.

క్లారెండన్ గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. 1845లో రాబర్ట్ బెస్లీ ఫౌండ్రీ నడుపుతుండగా బెంజమిన్ ఫాక్స్ అనే పనివాడు ఉక్కు ముక్కల మీద దీన్ని చెక్కాడు. ఫిగ్గిన్స్ అక్షరంలో నిలువు గీత, పాదం లంబకోణంలో టక్కున కలుసుకుంటాయి. ఫాక్స్ ఆ మూలను చిన్న వంపుతో నింపాడు. నిలువు గీత కిందికి దిగుతూ మెల్లగా వెడల్పై పాదంలో కలిసిపోతుంది. అడ్డగీతలను నిలువు గీతల కంటే రవ్వంత సన్నం చేశాడు. 'ఆర్' కాలు చివర పైకి తిరిగిన కొస, 'ఏ', 'సీ', 'వై' చిన్నక్షరాల కొసల్లో గుండ్రటి బొట్లు. మోటు అక్షరానికి సంస్కారం వచ్చింది. ఆ వంపువల్ల ఇంకో లాభం కూడా ఉంది. సిరా పేరుకునేది లోపలి మూలల్లోనే, మూలే లేకపోతే పేరుకునే చోటు తగ్గుతుంది.

దీన్ని ఎందుకు తయారుచేశారన్నది ఇంకా ఆసక్తికరం. పోస్టర్ కోసం కాదు, మామూలు పుస్తకం అక్షరాల మధ్య ఒక్క మాటను నల్లగా చూపడానికి. ఇవాళ కంప్యూటర్‌లో 'బీ' బొత్తాం నొక్కితే ఏ మాటయినా బోల్డ్ అయిపోతుంది. 1845కు ముందు అలాంటి జోడీ లేదు. నొక్కి చెప్పాలంటే ఇటాలిక్, లేదా పెద్దక్షరాలు. వాక్యం మధ్యలో ఒదిగి, అదే ఎత్తులో, అదే వరసలో నల్లగా నిలబడే అక్షరం క్లారెండన్‌తో వచ్చింది. నిఘంటువులు, రైళ్ల టైంటేబుళ్లు వేసేవారికి ఇది వరమైంది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో ఆరోపాలకు, అంటే అర్థానికి ముందు ఇచ్చే పదాలకు, వాడిన నల్లటి అచ్చును సంపాదకులు క్లారెండన్ అనే పేర్కొన్నారు. మనం పేజీ తిరగేస్తూ ఆరోపం దగ్గర చూపు నిలపగలుగుతున్నామంటే దాని మూలం ఇక్కడుంది.

బెస్లీ తెలివైనవాడు. 1842లో వచ్చిన డిజైన్ల రక్షణ చట్టం కింద క్లారెండన్‌ను రిజిస్టరు చేయించాడు. అచ్చు అక్షరానికి ఇలా రక్షణ దొరకడం దాదాపు మొదటిసారి. గడువు మూడేళ్లే. అది తీరిన వెంటనే తక్కిన ఫౌండ్రీలన్నీ కాపీ కొట్టాయి. బెస్లీ ఎంత మండిపడ్డా లాభం లేకపోయింది. అయితే అతనికి పోయిందేమీ లేదు. 1869లో లండన్ నగరానికి లార్డ్ మేయర్ అయ్యాడు.

అట్లాంటిక్ అవతల, అమెరికాలో ఈ అక్షరం సీసాన్ని వదిలి చెక్కలోకి మారింది. అచ్చు లోహం అంటే సీసం, ఆంటిమొనీ, తగరం కలిపిన మిశ్రమం. చిన్న అక్షరాలకు అది బంగారం లాంటిది. అరచేయంత అక్షరం పోస్తే మాత్రం విపరీతమైన బరువు, పైగా చల్లారేటప్పుడు సమంగా గట్టిపడక ముఖం గుంటలు పడుతుంది. 1827లో న్యూయార్క్‌లో డారియస్ వెల్స్ చెక్క అక్షరాలను యంత్రంతో కోసే పద్ధతి తెచ్చాడు, మరుసటి ఏడాదే కేటలాగ్ వేశాడు. 1834లో విలియం లెవెన్‌వర్త్ దానికి పాంటోగ్రాఫ్ జోడించాడు. ఒక చివర సూది నమూనా అక్షరం అంచు వెంట నడుస్తుంటే, రెండో చివర గిర్రున తిరిగే కత్తి అదే ఆకారాన్ని కావలసిన సైజులో చెక్కమీద కోస్తుంది. ఒక్క నమూనాతో ఎన్ని సైజులైనా.

చెక్కగా మేపుల్‌ను ఎంచుకున్నారు. మానును పొడవునా కాదు, అడ్డంగా కోసి, ఆ అడ్డకోత ముఖం మీదే అక్షరం చెక్కేవారు. కలపకు పోగులు ఉంటాయి కదా, పోగుల కొసలు పైకి చూస్తుంటే ప్రెస్సు ఎంత అదిమినా అణగవు, ఏ వైపు కోసినా పెచ్చు లేవదు. మందం 0.918 అంగుళం, అమెరికాలో లోహపు అచ్చు ఎత్తు కూడా అంతే, రెండూ ఒకే చట్రంలో బిగించుకోవచ్చు. తిరిగే కత్తి గుండ్రంగా ఉంటుంది గనక లోపలి మూలలు గుండ్రంగా మిగిలిపోతాయి. వాటిని పనివాళ్లు చేతి ఉలితో ఒక్కొక్కటీ చెక్కి సూటి చేసేవారు. ఇలాంటి పనిలో సన్నటి పాదం నిలవదు, చెక్క అంచు విరుగుతుంది. లావు పాదానికి ఏ భయమూ లేదు. చెక్కకు ఈ అక్షరం ఎంత నచ్చిందో చెప్పలేం.

అక్కడినుంచి విచిత్రమైన రూపాలు పుట్టాయి. కౌబాయ్ సినిమాల్లో దొంగ బొమ్మ పైన 'వాంటెడ్' అని ఉండే అక్షరం గుర్తుందా? 'మోసగాళ్లకు మోసగాడు' (1971) నాటినుంచీ ఆ లోకం తెలుగువారికి కొత్తది కాదు. ఆ అక్షరం ఫ్రెంచ్ క్లారెండన్ అనే రకం. అందులో పాదాలు కాళ్లకంటే లావు! నిలువు గీతలను సన్నం చేసి, అక్షరాన్ని ఇరుకుచేసి, పైనా కిందా దిమ్మలను పెంచారు. దీనికీ కారణం ఉంది. సర్కస్ పోస్టరులో వరస పొడవు ఎంతుంటే మాట అంత వెడల్పు నిండాలి, ఎత్తుగా కూడా ఉండాలి. అక్షరాలు ఇరుకైతే ఎక్కువ పడతాయి, పైనా కిందా ఉన్న దిమ్మలు ఒకదాని పక్కన ఒకటి చేరి రెండు నల్లటి పట్టాలుగా మాటను కట్టిపడేస్తాయి. చదవడం కష్టమే, చూడకుండా ఉండటం ఇంకా కష్టం. ఈ రోజు వింటేజ్ అని అమ్ముడయ్యే ఫాంట్లలో సగానికి తాతగారు ఇతనే. 1938లోనే రాబర్ట్ హార్లింగ్ ప్లేబిల్ పేరుతో దీన్ని పాత జ్ఞాపకంగా మళ్లీ గీశాడు. అంటే పాతదనాన్ని అమ్ముకోవడం కూడా పాత వ్యాపారమే.

ఇరవయ్యో శతాబ్దంలో జర్మన్లు దీన్ని వృత్తలేఖినితో గీసినట్టు మళ్లీ తీర్చారు. 1929లో రుడాల్ఫ్ వోల్ఫ్ మెంఫిస్, తర్వాత అమెరికాలో కార్నాక్, ఇంగ్లండ్‌లో 1934లో మోనోటైప్ వారి రాక్‌వెల్. మొదటి రెండు పేర్లలో మళ్లీ ఈజిప్టే. ఇవి శుభ్రమైనవే, నాకు మాత్రం వీటిలో క్లారెండన్ ఊపిరి కనిపించదు. 1930 నాటి గెయోర్గ్ ట్రంప్ అక్షరం సిటీ మీద ఆధారపడి 1956లో పాల్ రాండ్ ఐబీఎం గుర్తును తీర్చాడు. సోనీ పేరులోని నాలుగు అక్షరాలదీ స్లాబ్ కుటుంబమే.

ఈ అక్షరంతో తెలుగువారికి నిజంగా దగ్గరి చుట్టరికం కలిపింది లాటరీ, సర్కస్ కాదు, టైపు మిషను. లోయరు, హయ్యరు పరీక్షల కోసం టైపు ఇన్‌స్టిట్యూట్‌లో 'ఏ ఎస్ డీ ఎఫ్' కొట్టినవారందరూ నెలల తరబడి స్లాబ్ సెరిఫ్‌నే చూస్తూ గడిపారు. కోర్టు బయట చెట్టు కింద కొట్టించిన అఫిడవిట్లు, పాత నియామక ఉత్తర్వులు, టైపు చేసిన బయోడేటాలు, అన్నిటా అదే అక్షరం. ఎందుకని? టైపు మిషను ప్రతి అక్షరానికీ ఒకే దూరం జరుగుతుంది. అంగుళానికి పది అక్షరాలైతే ఒక్కోదానికి 2.54 మి.మీ. గది. 'ఎమ్' లాంటి వెడల్పు అక్షరం, 'ఐ' లాంటి పుల్ల, రెండూ అదే గదిలో కాపురం చేయాలి. 'ఎమ్'ను ఇరికించవచ్చు. 'ఐ' చుట్టూ మాత్రం రెండువైపులా బావురుమనే ఖాళీ, మాట ముక్కలైపోయినట్టు కనిపిస్తుంది. దానికి తలమీద ఒక పట్టీ, కింద వెడల్పాటి పాదం పెడితే గది నిండుతుంది. పోస్టరులో అరవడానికి వచ్చిన పాదం ఇక్కడ ఖాళీ పూడ్చే పనిలో కుదిరింది. పైగా ఆ అక్షరపు సుత్తి రిబ్బన్ మీద మొత్తుతుంది. సన్నటి అంచు ఉంటే రిబ్బన్ తెగుతుంది, కాగితానికి చిల్లి పడుతుంది.

1950ల మధ్యలో ఐబీఎం కోసం హోవర్డ్ కెట్లర్ గీసిన కొరియర్ ఈ వంశంలో ఎక్కువకాలం ఏలిన రాజు. హక్కులు బిగించుకోకుండా ఐబీఎం వదిలేయడంతో అది అందరిదీ అయిపోయింది. అమెరికా విదేశాంగ శాఖ తన పత్రాలకు కొరియర్ న్యూను 2004 దాకా వాడింది. హాలీవుడ్‌లో స్క్రీన్‌ప్లే ఇప్పటికీ 12 పాయింట్ల కొరియర్‌లోనే రాస్తారు. అక్షరాల వెడల్పు మారదు గనక పేజీలో పట్టే మాటలు దాదాపు స్థిరం, ఒక పేజీ తెరమీద సుమారు ఒక నిమిషం అని నిర్మాత లెక్క కట్టుకోవచ్చు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవారు కూడా సమాన వెడల్పు అక్షరాలనే కోరుకుంటారు. అమెరికాలో కోడ్ రాసే మన పిల్లలకూ, జిల్లా కోర్టు దగ్గర టైపు కొట్టిన వారి తాతలకూ అక్షరాల గది లెక్క ఒక్కటే.

దినపత్రికల కథ కూడా ఇలాంటిదే. రోటరీ యంత్రాల కాలంలో పేజీ కూర్చిన తర్వాత దాన్ని తడి కాగితపు గుజ్జు అట్టమీద అదిమి ముద్ర తీసి, ఆ ముద్రలో సీసం పోసి వంపు పలక చేసి, దాన్ని యంత్రానికి తొడిగి, చవక న్యూస్‌ప్రింట్ మీద వేగంగా పరిగెత్తించేవారు. ఒక్కో మెట్టులో అక్షరం కొంత నష్టపోతుంది. లైనోటైప్ కంపెనీలో చాన్సీ గ్రిఫిత్ 1920ల మధ్యలో తెచ్చిన అయానిక్ నం. 5 ఈ నష్టాన్ని ముందే లెక్కలోకి తీసుకున్న అక్షరం. లోపలి ఖాళీలు పెద్దవి, గీతల మందంలో తేడా తక్కువ, పాదాలు గట్టివి, పోలికలన్నీ క్లారెండన్‌వే. అనేక పత్రికలు దానికి మారాయి. చదివేవారెవరూ అది స్లాబ్ అని గుర్తించి ఉండరు. కళ్ల నొప్పి లేకుండా చదవగలిగారు, అంతే.

ఎనభై ఏళ్ల తర్వాత ఇదే తంటా తెరమీద ఎదురైంది. 2007లో వచ్చిన అమెజాన్ ఈ-పుస్తక పరికరం, మొదటి కిండిల్ తెరలో అంగుళానికి 167 చుక్కలే. నాజూకు అక్షరం సన్నగీతలు ఆ చుక్కల మధ్య జారిపోతాయి. అమెజాన్ ఎంచుకున్న అక్షరం డచ్ రూపశిల్పి పీటర్ మథియాస్ నోర్డ్‌సై 1990లో ముగించిన కాసిలియా, సన్నబడ్డ స్లాబ్ సెరిఫ్. నాసి న్యూస్‌ప్రింట్ మీద నిలిచినది నాసి తెరమీదా నిలిచింది. ఇక అమెరికా జాతీయ పార్కుల్లో గోధుమరంగు బోర్డుల మీద దశాబ్దాలపాటు తెల్లగా మెరిసింది క్లారెండనే, పార్కులవారు తమకోసమే రాలిన్‌సన్ అనే కొత్త అక్షరం గీయించుకునేదాకా.

అయితే దీనికి చెడ్డగుణాలు లేవా అంటే ఉన్నాయి, చెప్పుకోవాల్సినవి. మన కంటికి గుమిగూడిన ఆకారాలంటే గిట్టదు. ఒక అక్షరం పక్కన అంచులు ఎంత దగ్గరకు జరిగితే దాన్ని పోల్చుకోవడం అంత కష్టం. లావు పాదాలు అక్షరాలను ఒకదానికొకటి దగ్గరగా తోసుకొస్తాయి. చార్టులో స్నెల్లెన్ అక్షరాలు విడివిడిగా ఉన్నాయి గనక సరిపోయింది. పేరా నిండా ఇదే అక్షరం బోల్డులో పోస్తే పేజీ నల్లబడుతుంది, వరసలు అల్లుకుపోతాయి. సెరిఫ్ ఉంటేనే చదవడం సులువన్న పాత నమ్మకానికి పరిశోధనల్లో గట్టి ఆధారం దొరకలేదు. సైజు, అక్షరాల మధ్య ఖాళీ, వరసల మధ్య ఖాళీ అంతకంటే ముఖ్యం. నా తీర్పు ఇది: లావు స్లాబ్‌కు అయిదారు మాటలు మించి అప్పగించకూడదు. శీర్షిక, పేరు, ధర, తేదీ. ఆరో మాట దాటాక అది ఉపన్యాసం మొదలుపెడుతుంది.

తెలుగుతో జోడించేటప్పుడు ఇంకా జాగ్రత్త కావాలి. మన ఊళ్లలో బోర్డులు, పెళ్లి పత్రికలు, సీసా లేబుళ్లు రెండు లిపుల్లో ఉంటాయి. తెలుగు అక్షరానికి పాదాలు లేవు, దాని బరువంతా వంపుల్లో ఉంటుంది. పైన గుడులు, కింద వత్తులు పట్టాలి గనక ఒకే పాయింటు సైజులో తెలుగు అక్షరం ఒళ్లు ఇంగ్లీషు పెద్దక్షరం కంటే చిన్నగా కనిపిస్తుంది. పక్కన క్లారెండన్ బోల్డు పెడితే ఇంగ్లీషు పేరు యజమానిలా, తెలుగు పేరు గుమాస్తాలా ఉంటుంది. చాలా బోర్డుల్లో జరుగుతున్నది ఇదే, కారణం అశ్రద్ధ తప్ప లిపి లోపం కాదు. తెలుగును రెండు మూడు పాయింట్లు కాదు, కంటికి సమానంగా కనిపించేదాకా పెంచాలి. రామభద్ర, బాలూ తమ్ముడు లాంటి నిజంగా లావుగా గీసిన ఖతులు (ఫాంట్లు), లేదా అనేక మందాల్లో దొరికే అనెక్ తెలుగు తీసుకోవాలి. సన్న ఖతిని తీసుకుని 'బీ' బొత్తాం నొక్కి లావు చేయడం మాత్రం వద్దు. బోల్డు రూపం గీసి లేని ఖతిలో కంప్యూటర్ చేసేది గీతకు చుట్టూ పూత పూయడమే. 'ఘ', 'ఱ', 'క్ష'ల లోపలి సందులు మూసుకుపోతాయి, వత్తు పైఅక్షరానికి అతుక్కుంటుంది. మనమే సిరా ముద్ద తయారుచేసుకున్నట్టు. తెలుగుకు పాదాలు తగిలించి స్లాబ్ అనిపించే ప్రయత్నాలు కూడా అక్కడక్కడా కనిపిస్తుంటాయి. తలకట్టు ఉన్న లిపికి బూట్లు తొడగనక్కర్లేదు.

కొత్త దుకాణానికి బోర్డు చేయిస్తున్నా, పచ్చళ్ల వ్యాపారానికి లేబుల్ వేయిస్తున్నా ఒక పని చేయండి. డీటీపీ వాడి కంప్యూటర్ తెరమీద చూసి సరే అనకండి. అసలు సైజులో నలుపు తెలుపుల్లో ఒక కాగితం తీయించి, గోడకు అంటించి, కొనేవాడు ఎక్కడ నిలబడతాడో అక్కడ నిలబడి చూడండి. ముందు తెలుగు పేరు చదవండి, తర్వాత ఇంగ్లీషు. రెండూ ఒకే అడుగు దగ్గర స్పష్టమైతే అచ్చుకు ఇవ్వండి, లేకపోతే తెలుగును ఇంకొంచెం పెంచమనండి.